ఇసుకమీద పురిటిగది

"రేపు ఆదివారం సీల్స్ పని ఉంది పిన్నిగారూ, మీరూ వస్తారా?" అని మా అక్కయ్య కోడలు నన్ను అడిగితే, అక్కయ్య వంటింట్లోంచి అందుకుని, "ఆదివారం ఏ ఆఫీసు తెరుస్తారే? సీళ్ళు వేయించుకోవడం సోమవారం చూసుకోరాదూ!" అంది.

ఆవిడ ఉద్దేశంలో సీలంటే పోస్టాఫీసువాళ్ళు కవరుమీద కొట్టేది. మేమిద్దరం నవ్వితే కోపం కూడా వచ్చింది. ఆ మాటకొస్తే అక్కయ్య తప్పేమీ లేదు. తెలుగులో ఎం.ఏ. ప్యాసై, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి సంధులూ సమాసాలూ చెబుతున్న నేను, ఆ జంతువుని తెలుగులో ఏమంటారో ఆ రాత్రి ఎంత ఆలోచించినా చెప్పలేకపోయాను. నీటికుక్క అందామంటే అది మా కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే వేరే ప్రాణి. నీటిపిల్లి అన్నా దాన్నే అంటారు. బంగాళాఖాతంలో లేని జంతువుకి మనవాళ్ళు పనిగట్టుకుని పేరెందుకు పెడతారు? అంచేత ఈ వ్యాసం పొడుగునా సీల్ అనే రాస్తాను. అచ్చతెలుగు అభిమానులు మన్నించాలి.

పోయిన డిసెంబరులో మూడు వారాలు సెలవు పెట్టి ఇంగ్లండు వెళ్ళాను. అక్కయ్య కొడుకు అక్కడ నార్విచ్‌లో డాక్టరు. (రాయడం నార్విచ్ అని రాస్తారు గాని, నారిజ్ అని పలకాలట. మన పిల్లలకి తెలుగు వర్ణక్రమం కష్టమని ఎవరైనా అంటే ఇకమీదట ఈ ఊరి పేరు చెప్పదలుచుకున్నాను.) కోడలిది భీమవరం. వారంలో అయిదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. నవంబరు మొదలు జనవరి ఆఖరు దాకా ఆదివారాలు మాత్రం ఇంటిపట్టున ఉండదు. దూరానికి కనిపించే పసుపు కోటు ఒకటి తొడుక్కుని, మెడలో దుర్భిణి వేసుకుని, ముప్పావుగంట కారు నడుపుకుంటూ హార్సీ అనే పల్లెకి పోతుంది. అక్కడ సముద్రపు ఒడ్డున చలిలో నిలబడి సీళ్ళకి కాపలా కాస్తుంది. జీతం లేదు. కారులో పెట్రోలు కూడా తనదే.

"ఇంట్లో పసిదాన్ని వదిలిపెట్టి, ఎవరి పిల్లల్నో కాయడమేమిటే?" అన్నది అక్కయ్య ఫిర్యాదు. పసిదానికి అయిదేళ్ళు. అది తన అన్నం తనే తినాలని తల్లి పట్టు. సగం గౌనుమీద పోసుకుంటుందని నాయనమ్మ కంచం పుచ్చుకుని ఇల్లంతా దాని వెంట తిరుగుతుంది. ఈ రాజ్యంలో నేనేం మాట్లాడినా ప్రమాదమే కనుక, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా మెలిగాను. చివరికి ఆదివారం పొద్దున అందరం కలిసి బయల్దేరాం. అక్కయ్య పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

నార్‌ఫోక్ అనే ఆ సీమ ఇంగ్లండుకి తూర్పున, ఉత్తర సముద్రంలోకి బొజ్జలా పొడుచుకుని వచ్చి ఉంటుంది. హార్సీకి దక్షిణాన కొద్ది మైళ్ళలోనే గ్రేట్ యార్మౌత్. డికెన్సు రాసిన డేవిడ్ కాపర్‌ఫీల్డులో పడవలో కాపురముండే పెగటీ కుటుంబం ఆ ఊరిదే. నేలంతా మన కోనసీమలాగే పల్లం. కాలవలూ, రెల్లూ, గాలిమరలూ. సముద్రానికీ ఆ పల్లానికీ మధ్య అడ్డం ఒక ఇసుకదిబ్బల వరుస. మేం దిబ్బ ఎక్కుతూండగానే పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నట్టు వినిపించింది. అక్కయ్య ఆగిపోయి, "ఎవరి పిల్లే అది? పట్టించుకునేవాళ్ళు లేరూ?" అంది. కోడలు నవ్వి ఊరుకుంది.

దిబ్బమీదికి వెళ్ళి చూసేసరికి నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో రైలు ప్లాట్‌ఫారం మీద హోల్డాళ్ళు వరసగా పడి ఉండేవి గదా, అలాగ ఆ ఒడ్డంతా, కనుచూపు మేర, బూడిదరంగు పరుపుచుట్టలు. వందలకొద్దీ. ఒక్కొక్క చుట్ట పక్కన పాలమీగడలాంటి తెల్లటి పిల్ల. మధ్యమధ్య నల్లగా, మెడ ముడతలు పడి, ఎవరిమీదనో అలిగినట్టు కూర్చున్న మగవి. వాటిలో పెద్దవి మూడు వందల కిలోల దాకా తూగుతాయి. ఇందాక విన్నది వీటి పిల్లల ఏడుపే.

ఇవి గ్రే సీళ్ళు. ఏడాదిలో ఎక్కువకాలం నీళ్ళలోనే ఉండి, ప్రసవానికి మాత్రం ఒడ్డుకి వస్తాయి. పుట్టినప్పుడు పిల్ల పద్నాలుగు కిలోలుంటుంది. అక్కణ్ణించి రోజుకి రెండు కిలోల చొప్పున ఒళ్ళు చేస్తుంది. అదెలా సాధ్యమంటారా? మన గేదెపాలలో వెన్న నూటికి ఏడెనిమిది పాళ్ళు. సీల్ పాలలో అరవై పాళ్ళ దాకా ఉంటుంది. "అరవయ్యే!" అని అక్కయ్య నోరు నొక్కుకుంది. "అది పాలా, నెయ్యా?" ఇన్ని పాలిస్తూ తల్లి ఆ రోజులన్నీ ఏమీ తినదు. ఒంట్లో కొవ్వంతా కరిగించి పిల్లకి పోసి, తను రోజుకి నాలుగు కిలోల చొప్పున చిక్కిపోతుంది. పద్ధెనిమిది రోజులు, మహా అయితే మూడు వారాలు. ఆ తరవాత మగదానితో జతకట్టి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది.

"వెళ్ళి?" అంది అక్కయ్య.

"అంతే అత్తయ్యా. ఇక రాదు."

మన ఇళ్ళలో ఇరవై ఒకటోనాడు పిల్లని ఉయ్యాలలో వేసి పేరు పెడతాం. అప్పటికి ఈ బాలింత వెళ్ళిపోయి మూడు రోజులవుతుందన్నమాట. వదిలేసిన పిల్ల, ఒంట్లో ఉన్న కొవ్వుమీద వారాల తరబడి ఉపవాసముండి, తెల్లబొచ్చు రాల్చుకుని, కడుపు కాలినప్పుడు తనంతట తనే నీళ్ళలోకి దిగి చేపలు పట్టడం నేర్చుకోవాలి. చెప్పేవాళ్ళుండరు, చూపించేవాళ్ళుండరు. నేర్చుకోలేనివి పోతాయి. పుట్టినవాటిలో సగానికి సగం మొదటి ఏడు దాటకుండానే పోతాయని కోడలు చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతులో జాలీ లేదు, కాఠిన్యమూ లేదు. జాబితా చదివినట్టు చెప్పింది. మొదటి ఏడాది తను ఇంటికెళ్ళి ఏడ్చేదాన్నని, అక్కయ్య వినకుండా నాకు తరవాత చెప్పింది.

ఇక కాపలావాళ్ళ సంగతి. ఇక్కడ ఫ్రెండ్స్ ఆఫ్ హార్సీ సీల్స్ అని ఒక సంఘముంది. అందులో ఉన్నవాళ్ళు రిటైరైన మేష్టర్లూ, నర్సులూ, రైల్వేవాళ్ళూ, మా కోడలివంటి ఉద్యోగస్తులూ. శీతాకాలం వచ్చేసరికి ఒడ్డుకి తాళ్ళు కడతారు. జనం దిబ్బమీంచే చూడాలి. వాళ్ళ పనేమిటని అడిగితే ముప్పాతిక మువ్వీసం "వద్దు" అని చెప్పడమే. దగ్గరికి వెళ్ళొద్దు. కుక్కని వదలొద్దు. తల్లికీ పిల్లకీ మధ్య నిలబడొద్దు. పిల్ల ఒంటరిగా ఉంటే ఎత్తి నీళ్ళలో వెయ్యొద్దు, ఎందుచేతనంటే ఆ తెల్లబొచ్చు నీటికి ఆగదు, పిల్ల చలికి బిగుసుకుపోతుంది. అన్నిటికంటె ముఖ్యం, ముట్టుకోవద్దు. తల్లి పిల్లని వాసనతోనూ అరుపుతోనూ పోల్చుకుంటుంది. మనిషి వాసన తగిలిన పిల్లని దగ్గరికి రానివ్వకపోవచ్చు. ముద్దొచ్చి నిమిరిన చెయ్యి దాన్ని ఆకలికి చంపుతుంది.

వారానికోసారి లెక్క కూడా ఉంటుంది. ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు, ఎన్ని చచ్చినవి. ఇలాంటి లెక్కలు ఏటేటా పేర్చబట్టే ఆ తీరంలో జరిగిన వింత బయటపడింది. హార్సీకి వాయవ్యాన ఒడ్డు వెంబడే బ్లేక్నీ పాయింట్ అని ఒక ఇసుకతిప్ప ఉంది. 2001లో అక్కడ పుట్టిన పిల్లలు ఇరవై అయిదు. ఇరవయ్యేళ్ళు తిరక్కుండా ఏడాదికి మూడు వేలు దాటాయి. హార్సీలోనూ రెండు వేలు దాటిన సంవత్సరాలున్నాయి. కార్న్‌వాల్‌లో అయితే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఒక్కొక్క సీల్‌నూ ఫొటో తీసి, ఒంటిమీది మచ్చల్నిబట్టి గుర్తుపడతారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటి మచ్చలూ ఒకటిగా ఉండవట. ఇక్కడి సీల్ అవతల ఫ్రాన్సు ఒడ్డున తేలిందని అలా ఫొటోలు పోల్చి చెప్పగలుగుతున్నారు.

కాని ఈ ముద్దు ఎప్పుడూ ఉండేది కాదు సుమండీ. వందేళ్ళ కిందట చర్మానికీ నూనెకీ వీటిని కొట్టి చంపుతూంటే, ఇక అయిదు వందలే మిగిలాయని భయపడి 1914లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 15 దాకా, అంటే పురిటిరోజుల్లో, వీటిని చంపరాదని. నిజానికి అయిదు వందలన్నది తక్కువ అంచనాయే, కాని ఆ తప్పు లెక్క మంచే చేసింది. 1970లో మరో చట్టం వచ్చింది. ఇప్పుడు బ్రిటన్ చుట్టూ లక్షకు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని గ్రే సీళ్ళలో మూడోవంతుకు పైగా వాళ్ళ తీరాల్లోనే ఉన్నాయి. జాలర్లకి ఇది సంతోషకరమైన వార్త కాదు. సీల్ వలలో పడ్డ చేపని తింటుంది, వల చింపుతుంది. వలలు కాపాడుకోవడానికి తుపాకీ పేల్చే వెసులుబాటు ఇంగ్లండులో 2021 మార్చి దాకా ఉండేది, ఇప్పుడు లేదు. జాలరి బాధ అబద్ధమని నేననను. వలమీద బతికేవాళ్ళ ఊరి పక్కన పుట్టిన దాన్ని. ఒడ్డున నిలబడి ముచ్చట పడేవాళ్ళం మనం, నష్టం భరించేది అతనూను.

దిబ్బమీద ఒక చోట కోడలితోపాటు వంతు కాస్తున్న పెద్దాయన కనిపించాడు. డెబ్భై దాటి ఉంటాయి. ముక్కు చలికి ఎర్రగా కంది ఉంది. అక్కయ్య పులిహోర పెడితే, "ఇది వేడిగా లేకుండా వేడిగా ఉందే!" అని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకున్నాడు. ఆయన 2013 డిసెంబరు 5వ తేదీ రాత్రి సంగతి చెప్పాడు. ఆ రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఉప్పెన వచ్చింది. తెల్లవారి వచ్చి చూస్తే ఒడ్డు లేదు. పిల్లలు కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని దిబ్బల వెనక ఎక్కడెక్కడో చెల్లాచెదరుగా పడి ఉన్నాయి, తల్లులు ఒక పక్క, పిల్లలు మరో పక్క. ఈస్ట్ వించ్ అనే చోట జంతుసంరక్షణ సంఘంవారి ఆసుపత్రి ఉంది, ఎన్నో పిల్లల్ని అక్కడికి చేరవేశారట. ఉప్పెన అన్న మాట కోడలు తెలుగులో చెప్పగానే అక్కయ్య తినడం ఆపేసింది. 1977 నవంబరు 19 నాటికి అక్కయ్యకి పదేళ్ళు. అప్పుడు దివిసీమలో మా మేనత్తగారి ఇల్లుండేది. "ఉండేది" అనే మా ఇంట్లో ఇప్పటికీ అంటాం. అక్కయ్య ఆ పెద్దాయన చేతిలో మరో ముద్ద పులిహోర పెట్టి ఏమీ మాట్లాడకుండా వచ్చి కూర్చుంది.

అన్నిటికీ వద్దని చెప్పేవాళ్ళు ఒక్కొక్కప్పుడు చెయ్యి వేస్తారు కూడా. 2017లో ఈ తీరంలో ఒక ఆడ సీల్ మెడలో ఫ్రిస్బీ ఇరుక్కుని కనిపించింది. పిల్లలు గాలిలోకి విసిరి ఆడుకునే ప్లాస్టిక్ చక్రం. ఆడుకుంటూ దాని కంతలో తల దూర్చి ఉంటుంది. ఒళ్ళు పెరిగేకొద్దీ అది కండలోకి దిగిపోయింది. కనిపిస్తుంది, పట్టుకోబోతే నీళ్ళలోకి పోతుంది. చివరికి ఆ సెప్టెంబరులో పట్టుకుని ఈస్ట్ వించ్‌కి చేర్చారు. అక్కడ చక్రం కోసి తీసి, నెలల తరబడి ఉప్పునీటి తొట్టిలో ఉంచి పుండు మాన్పి, 2018లో మళ్ళీ సముద్రంలో వదిలారు. దానికి మిసెస్ ఫ్రిస్బీ అని పేరు కూడా పెట్టారు. దెబ్బ తగిలిన సీళ్ళని పట్టుకోవడం అందరూ చేసే పని కాదు, దానికి తర్ఫీదు ఉండాలి. సీల్ కరిస్తే వేలు చెడిపోయేటంత ఇన్‌ఫెక్షను రావచ్చు. 1988లో వైరస్ జబ్బు వచ్చి ఐరోపా తీరాల్లో వేలకొద్దీ సీళ్ళు చచ్చిపోయినప్పుడు పుట్టిన బ్రిటిష్ డైవర్స్ మెరైన్ లైఫ్ రెస్క్యూ అనే సంఘం ఈ తర్ఫీదు ఇస్తుంది. అందులోనూ చాలామంది జీతం లేనివాళ్ళే.

పదకొండున్నర అయింది. అంటే మనకి సాయంత్రం అయిదు. ఆదివారం అయిదు నుంచి ఆరు దాకా మా అబ్బాయి హాస్టల్లో ఫోన్ వేళ. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఇల్లు విడిచి ఉండడం అదే మొదలు. జూన్‌లో చేర్చిన దగ్గర్నుంచీ ఏదో వంకన వారం మధ్యలో కూడా వార్డెనుకి ఫోన్ చేసి వాణ్ణి పిలిపించేదాన్ని. నవంబరులో ఒకరోజు ఆ వార్డెను, పాపం పెద్దమనిషి, నసుగుతూ నసుగుతూ, "ఏమనుకోకండమ్మా. మీరు ఫోన్ చేసిన రాత్రి అబ్బాయి అన్నం తినడు" అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇంతమందికి ఇప్పుడు చెబుతున్నాను.

ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. ఇంతలో అక్కయ్య నా భుజం పట్టి కుదిపింది. తాడుకి బాగా దగ్గరగా ఒక పిల్ల, ఒంటరిగా. బొడ్డుతాడు ఇంకా ఊడలేదు. ఒళ్ళు చేసిన పిల్లల పక్కన అది పాత సాక్సులా వేలాడుతోంది. తల ఎత్తి ఏడుస్తోంది. చుట్టుపక్కల ఏ తల్లీ దాన్ని పట్టించుకోవడంలేదు. తాడు దగ్గర అప్పటికే పాతికమంది పోగయ్యారు. ఒకాయన ఫొటో కోసమని తాడు కింద నుంచి వంగబోయాడు. మా కోడలు ఎక్కణ్ణించి వచ్చిందో వచ్చి, చిరునవ్వు చెడకుండానే అడ్డం నిలబడింది.

"ఏమే, తల్లేదీ?" అంది అక్కయ్య.

"నీళ్ళల్లో ఉండొచ్చు అత్తయ్యా. చూస్తూ ఉండొచ్చు. ఇంతమంది ఇక్కడుంటే రాదు."

"పోనీ నా శాలువా..."

"వద్దత్తయ్యా."

అక్కయ్య ముగ్గుర్ని కని, ఒకణ్ణి పోగొట్టుకుని, ఇద్దర్ని పెంచిన మనిషి. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకోవద్దని అరవయ్యేళ్ళలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. కోడలు అప్పుడు అత్తగారితో మాట్లాడలేదు. అందరికీ వినపడేటట్టు ఇంగ్లీషులో, దయచేసి అందరూ వెనక్కి, దిబ్బ అవతలికి వెళ్ళండి, అంది. జనం గొణుక్కుంటూ కదిలారు. అక్కయ్య కదలలేదు. పసిది వచ్చి నాయనమ్మ చెయ్యి పుచ్చుకుని, "రా నాయనమ్మా, మనముంటే వాళ్ళమ్మ రాదు" అని లాక్కుపోయింది.

దిబ్బ వెనక రెల్లుగడ్డిలో కూర్చున్నాం. ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది. మన పెద్దలు ఒక మాట చెబుతారు. పక్షి ఒంటితో పొదిగి పెంచుతుందట, చేప చూపుతో పెంచుతుందట, తాబేలు ఎక్కడో దూరాన ఉండి తలపుతోనే పెంచుతుందట. గురువుల కటాక్షానికి ఉపమానంగా ఏటా క్లాసులో చెబుతాను. తాబేలు సంగతి నిజంగా అంతే, గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మా కాకినాడ ఎదుట హోప్ ఐలండ్ మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయి. విశాఖ మొదలు మన తీరం పొడుగునా పల్లెకారుల కుర్రాళ్ళు రాత్రుళ్ళు తిరిగి, ఆ గుడ్లని నక్కల పాలుకాకుండా కాస్తారు. అర్ధరాత్రి ఆ పని చేసేవాళ్ళని చూడ్డానికి గట్టిగా గంట ప్రయాణం కూడా చెయ్యని నేను, అయిదు వేల మైళ్ళు వచ్చి ఈ గడ్డిలో వణుకుతున్నానే అనిపించింది.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గడియారం చూసుకునేసరికి పన్నెండూ నలభై. ఫోన్ వేళ దాటిపోయింది. మరిచిపోయానో, మానేశానో, నాకే తెలియదు.

ఆ దేశంలో డిసెంబరులో మూడున్నర దాటితే పొద్దు గుంకుతుంది. ఆలోగా పోటు వచ్చింది, తల్లులు కొన్ని నీళ్ళలోకి పోయాయి, కొన్ని వచ్చాయి. మా పిల్ల దగ్గరికి ఏదీ రాలేదు. ఏడ్చి ఏడ్చి పడుకుంది. కోడలు దుర్భిణిలో చూసి, ఊపిరి ఆడుతోందని చెప్పింది. తాడుకి కట్టిన గుంజ నంబరు చీటీమీద రాసి పెద్దాయనకి ఇచ్చింది. ఎన్నాళ్ళనుంచో వస్తున్న మనిషికి కూడా అది ఇంటికి బయల్దేరే ఘడియ కష్టంగానే ఉంటుందని ఆవిడ నడక చూస్తే తెలిసింది. కారులో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అక్కయ్య అన్నం వద్దని పడుకుంది. పసిది తన కంచం తనే పెట్టుకుని తింది. సగం గౌనుమీద పడింది. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున పదింటికి కోడలి ఫోన్‌కి కబురు వచ్చింది. సోమవారం వంతువాళ్ళు పంపారు. ఆ గుంజ దగ్గర ఒక తల్లి పక్కకి ఒరిగి పడుకుని ఒక పిల్లకి పాలిస్తోందని. ఫొటో కూడా పంపారు. అక్కయ్య కళ్ళజోడు వెదుక్కుని, ఫోన్ లాక్కుని, రెండు వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసింది.

"అదే!" అంది. "అదే పిల్ల. ఆ మొహం నాకు తెలియదూ?"

"తెల్లవన్నీ ఒకేలా ఉంటాయి అత్తయ్యా. మచ్చలు బొచ్చు రాలాకగాని కనపడవు. పోటుకి అటూ ఇటూ జరుగుతాయి కూడాను."

"అదేనంటే వినవేమే! రాసుకో. నిన్నటి పిల్లకి తల్లి వచ్చిందని రాసుకో."

కోడలు అత్తగారి మొహంకేసి చూసింది. తనకీ అలాగే రాయాలని ఉందని నాకు తెలుస్తూనే ఉంది. కంప్యూటరు తెరిచి, హార్సీ పట్టికలో ఆ గుంజ నంబరు ఎదురుగా టైపు చేసింది. నేను వెనకనుంచి వంగి చదివాను. తల్లి 1, పిల్ల 1, పాలు తాగుతోంది. నిన్నటి పిల్ల అవునో కాదో తేలలేదు.

అక్కయ్య ఆ నాలుగు మాటలూ తెలుగులో చెప్పించుకుని వింది. తరవాత లేచి, వచ్చే ఆదివారం పులిహోరకి చింతపండు చాలదనీ, దుకాణానికి వెళ్ళినప్పుడు తెమ్మనీ కోడలికి చెప్పి, వంటింట్లోకి వెళ్ళింది.